మా బావ టీంలో హీరో లేడు

జంషెడ్‌పూర్ వెళ్ళొచ్చానని చెప్పగానే మా స్టాఫ్‌రూంలో అందరూ అడిగిన మొదటి మాట, "ఉక్కు కంపెనీ చూశావా?" అని. గోడ చూశాను. పొగగొట్టాలు చూశాను. గేటు ముందు ఆగి ఉన్న సైకిళ్ళు, మోటార్‌సైకిళ్ళు చూశాను. నేను వెళ్ళింది వాటి కోసం కాదు, మేకపోతుల కోసం. ఆ మాట అనేసరికి మా లెక్కల మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

నేను బొబ్బిలి దగ్గర ఒక హైస్కూల్లో పీఈటీని. పిల్లల భాషలో డ్రిల్లు టీచర్ని. ఫుట్‌బాల్ అంటే అన్నం కూడా మర్చిపోతాను. ఫోన్లో విదేశీ మ్యాచ్‌లు చూసి నాతో వాదనకు దిగేవాళ్ళకి కొదవ లేదు. వాళ్ళందరిదీ ఒకటే పాట. కప్పు గెలవాలంటే మహా ఆటగాడొకడు ఉండి తీరాలట, బంతి వాడి కాళ్ళ దగ్గరికి చేర్చడమే మిగతా పదిమంది పనట. ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. టీం అంటే పల్లకీ కాదు, ఒకడెక్కి కూర్చుంటే మిగతావాళ్ళు మోయడానికి.

అలా ఓ రోజు వాదించుకుంటుండగా మా మేనమామ కొడుకు ఎర్రయ్య బావ ఫోన్ చేశాడు. టాటానగర్ రైల్వేలో ఫిట్టరు. అక్కడి బర్మామైన్స్ బస్తీ తెలుగువాళ్ళ ఫుట్‌బాల్ టీంకి కెప్టెన్.

"ఏటే మరదలా, మా టీం ఫైనలుకొచ్చింది. ఖస్సీ టోర్నమెంటు. సూడ్డానికి వత్తావేటి?"

ఖస్సీ అంటే అక్కడ మేకపోతు. మన దగ్గర పోటీ పెడితే కప్పో, షీల్డో ఇస్తారు, అవి ఏదో బీరువా మీద దుమ్ము పట్టి పడుంటాయి. జార్ఖండ్‌లో మేకపోతుల్ని ఇస్తారు. గెలిచినవాళ్ళకి రెండు, ఓడినవాళ్ళకి ఒకటి. బహుమతిని వండుకు తినే ఊరు నాకు అప్పుడే నచ్చేసింది. సెలవు చీటీ రాసి రైలెక్కాను.

ఖరగ్‌పూర్ దాటాక

ఖరగ్‌పూర్‌లో రైలు మారాను. ఎదురు సీట్లో పాతికేళ్ళ కుర్రాడు కూర్చున్నాడు. ఒళ్ళో బూట్ల సంచి, ఎడమ మోకాలికి బిగించిన పట్టీ. మరమరాలవాడు వస్తే రెండు పొట్లాలు కొని, అడక్కుండానే ఒకటి నా చేతిలో పెట్టాడు. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కొబ్బరి ముక్కలు, పైన పచ్చి ఆవనూనె. మొదటి గుప్పెడుకి ముక్కు మండిపోయింది. మన వైపు ఆవ పెట్టినా పులుపుకి భయపడి అణిగి ఉంటుంది, ఇక్కడ నేరుగా నెత్తికెక్కుతుంది. రెండో గుప్పెడు నుంచి వదలబుద్ధి కాలేదు.

అతని పేరు సౌమెన్. మేమిద్దరం హిందీలో మాట్లాడుకున్నాం. నాది బడిలో నేర్చుకున్న హిందీ కాబట్టి, అతను చిన్నపిల్లకి చెప్పినట్టు నిదానంగా చెప్పాడు. కూలికి ఆడే ఆటగాడట. ఈ పనిని వాళ్ళు ఖేప్ అంటారు. సీజన్లో ఏ ఊళ్ళో టోర్నమెంటు ఉంటే ఆ ఊరికి పిలుస్తారు. రైలు దిగాలి, ఇచ్చిన చొక్కా తొడుక్కోవాలి, ఆడాలి, డబ్బు తీసుకుని మళ్ళీ రైలెక్కాలి. ఈసారి ఆదిత్యపూర్‌లో ఒక వర్క్‌షాపు యజమాని పిలిచాడట, బర్మామైన్స్ టీంతో ఖస్సీ ఫైనల్ ఆడటానికి.

నాకు గొంతులో మరమరం అడ్డం పడింది. అంటే ఇతను ఆడేది మా బావ మీదే. ఆ మాట అతనికీ చెప్పేశాను.

"మీ టీంలో ఎవరెవరున్నారు?" అని అడిగాను.

"తెలియదు దీదీ. దిగాక తెలుస్తుంది. బంతి నాకిమ్మని చెబుతాను. అంతే."

అలా అన్నాడని గర్విష్ఠి అనుకోకండి. చాలా మర్యాదస్తుడు. పట్టీ విప్పి, వాచిన మోకాలు చూపించి, ఇంకో రెండు సీజన్లు లాగితే చాలని నవ్వాడు. టాటానగర్‌లో దిగేటప్పుడు నా బ్యాగు కూడా అతనే దించాడు.

బర్మామైన్స్: సగం సగం టీం

బావవాళ్ళ ఇల్లు ఇరుకు సందులో ఉంది. రెండు మోటార్‌సైకిళ్ళు ఎదురైతే ఒకటి వెనక్కి పోవాల్సిందే. బావ అమ్మ, అంటే మా అత్త, గుమ్మంలోనే పట్టుకుంది.

"ఏటే, ఇలగ సిక్కిపోనావు? ఆ పిల్లల్తో పరిగెట్టి పరిగెట్టి ఎండిపోతన్నావు. కూకో, పులుసు ఎట్టుంచాను."

ఎండుచేపల పులుసు. ఊరొదిలి యాభై ఏళ్ళు దాటినా అత్త చేతిలో బెల్లం ముక్క తూకం తప్పలేదు. నేను తింటున్నంతసేపూ ఆవిడ తెలుగులో మాట్లాడుతూనే ఉంది, పక్కింటి కుర్రాడు గుమ్మంలో నిలబడి హిందీలో జవాబు చెబుతూనే ఉన్నాడు. ఇద్దరికీ ఏ ఇబ్బందీ లేదు. ఆ కుర్రాడు పింటూ, టీంలో ముందు వరుసలో ఆడతాడు. కంపెనీలో కాంట్రాక్టు పని. అందరిలోకీ బాగా ఆడేది వీడేనని అత్త చెబితే సిగ్గుపడి పారిపోయాడు.

మర్నాడు పొద్దున్న ప్రాక్టీసు చూడ్డానికి వెళ్ళాను. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఫైనల్ ఇంకెంతో దూరం లేదు, మైదానంలో ఉన్నది సగం టీమే. రాత్రంతా సీ షిఫ్టు చేసి ఎర్రకళ్ళతో నేరుగా వచ్చినవాళ్ళు కొందరు, మధ్యాహ్నం బీ షిఫ్టుకి పోవాల్సినవాళ్ళు కొందరు. పొద్దున్నే 'ఏ' షిఫ్టు ఎక్కినవాళ్ళు మధ్యాహ్నం దిగి సాయంత్రం వస్తారట. పదకొండుమందీ ఒకేసారి ప్రాక్టీసు చేసిన రోజే లేదట. అంతకన్నా వింత ఏమిటంటే, గోల్‌కీపర్ కామేశ్వర్రావు ముందు వరుసలో పరిగెడుతున్నాడు, వెనక ఆడాల్సినవాడు గోల్‌లో నిలబడ్డాడు.

నాలో డ్రిల్లు టీచరు ఊరుకోలేదు. "బావా, ఎవడి చోటు వాడికి ఇవ్వవేం? ఇదేం ఆట?"

"ఇవ్వలేకే గదే! పారొతీ, నువ్వే సెప్పు. ఒక్కడి మీద టీం కడతాను. ఆడికి ఆ రోజు బీ షిఫ్టు పడిపోద్ది. అప్పుడేటి సేత్తాను, మేకపోతుకి దండమెట్టి వచ్చీనా?"

అందుకే ఆ టీంలో ప్రతివాడూ రెండు మూడు చోట్ల ఆడటం నేర్చుకోవాలి. ఇంకో నియమం కూడా ఉంది. వెళ్ళిపోయేవాడు తన చోటుకి వచ్చేవాడికి ఛార్జి అప్పజెప్పి పోవాలి. రైల్వేలో, కంపెనీలో షిఫ్టు మారేటప్పుడు మిషను ఎలా ఉంది, ఏ బోల్టు వదులైంది అని చెప్పి దిగుతారు చూడండి, అచ్చం అలాగే. పోయేవాడు వచ్చేవాడి భుజం మీద చెయ్యేసి నాలుగు మాటలు చెబుతాడు. విన్నానని రెండోవాడు తలూపే దాకా బంతి కదలదు. నేను ఇన్నేళ్ళుగా పిల్లలకి విజిలేసి "మార్చు" అని అరవడమే తప్ప, ఏం మార్చాలో ఒకరికొకరు చెప్పుకోమని ఎప్పుడూ అనలేదు. బొబ్బిలి వచ్చీ రాగానే మా పిల్లలతో ఇది మొదలుపెట్టాను.

ప్రాక్టీసయ్యాక సౌమెన్ సంగతి బావకి చెప్పాను. "ఆడి ఆట గురించి నీకేటైనా తెలుసా?" అని అడిగాడు. మోకాలు గుర్తొచ్చింది. నోటి దాకా వచ్చిన మాటని మింగేశాను. తన మరమరాలు నాకు పెట్టిన మనిషి నమ్మి చూపించిన మోకాలది. "ఆవనూనె ఎక్కువేయించుకుంటాడు" అన్నాను. బావ ఒక్క క్షణం నా మొహంలోకి చూశాడు. వంగి బూట్ల తాళ్ళు విప్పుకున్నాడు.

అగ్రికో: ధుస్కా, దాంతో పాటు ఒక ఉపన్యాసం

సాయంత్రం బావ నన్ను అగ్రికో బజారుకి తీసుకెళ్ళాడు. బర్మామైన్స్ నుంచి అక్కడికొస్తే వేరే ఊరు అనిపిస్తుంది. వరసగా కంపెనీ క్వార్టర్లు, చెట్లు, వెడల్పు రోడ్లు. బియ్యం, శనగపప్పు కలిపి రుబ్బి నూనెలో వేయించే ధుస్కా అక్కడే తిన్నాను. పూరీలా పొంగుతుంది, తింటే మన దిబ్బరొట్టెకి చుట్టమేమో అనిపిస్తుంది. పక్కన శనగల కూర. ప్లేటు ముప్పై రూపాయలు. విజయనగరంలో ఆ డబ్బుకి రెండు ఇడ్లీలిచ్చి చట్నీ రెండోసారి అడిగితే మొహం చిట్లిస్తారు.

అక్కడే సత్యంనాయుడు గారు తగిలారు. పాలకొండ వైపు మనిషి. కంపెనీకి కూలీల్ని సప్లై చేసే కాంట్రాక్టరు. మంచాయన కాదని అనలేను. టీంకి జెర్సీలు కొన్నదీ ఆయనే, కామేశ్వర్రావు కాలు విరిగితే ఆస్పత్రికి తీసుకెళ్ళిందీ ఆయనే. కానీ నేను పీఈటీనని తెలియగానే ధుస్కా ప్లేటు పక్కన పెట్టి నాకు పాఠం మొదలుపెట్టారు.

"సూడమ్మా, టీంకి మెదడు ఒకటే ఉండాల. మిగతా పదిమందీ కాళ్ళు. పెద్ద పెద్ద కప్పులు గెలిసినోళ్ళందర్నీ సూడు. ఒక్కడున్నాడు గాబట్టి గెలిసీసినారు. మా ఎర్రయ్యకి ఎన్నిసార్లు సెప్పినా బుర్రకెక్కదు."

"ఆ మెదడుకి జ్వరమొస్తే ఏం చేస్తారండీ?" అన్నాను.

"ఇంకో మెదడు తెత్తాం. డబ్బులెడితే దొరకని మెదడేటుంది?"

అప్పుడు గానీ అసలు విషయం బయటపడలేదు. ఈ ఫైనల్ ఓడిపోతే వచ్చే సీజన్ నుంచి ఎవరాడాలో నాయుడు గారే నిర్ణయిస్తారు. బస్తీ కమిటీ ఒప్పేసుకుంది. బయటినుంచి ముగ్గుర్ని కూలికి తెస్తారు. ఆ ముగ్గురి కోసం మనవాళ్ళు ముగ్గురు బయట కూర్చోవాలి. షిఫ్టు దిగి నిద్ర మానేసి, బూట్లు పంచుకుని ఆడుతున్నవాళ్ళు, ఇకమీదట మైదానం చుట్టూ కట్టే తాడు అవతల నిలబడి చప్పట్లు కొట్టాలి. ఆటగాళ్ళని మాత్రం ఎవరూ అడగలేదు. బావ టీ గ్లాసు కింద పెట్టాడు. నాకే కోపం ఆగక, "గెలుస్తాం లెండి" అనేశాను. "మనం" అన్నట్టు వచ్చేసింది, ఆ ఊళ్ళో దిగి రెండో రోజే.

ఖర్కాయ్ అవతల

ఫైనల్ ఖర్కాయ్ నది అవతల, ఆదిత్యపూర్‌లో. ఆటోవాడికి నేను "ఫుట్‌బాల్ గ్రౌండ్" అని మాత్రమే చెప్పాను. ఆ ఊళ్ళో పేటకొక గ్రౌండు, గ్రౌండుకొక మ్యాచ్. నన్ను పెళ్ళయినవాళ్ళకీ పెళ్ళికానివాళ్ళకీ జరిగే మ్యాచ్ దగ్గర దించిపోయాడు. పెళ్ళికానివాళ్ళు చిత్తుగా ఓడిపోతున్నారు. అది చూస్తూ నిలబడిపోయానంటే తప్పు నాది కాదు, మ్యాచ్‌ది.

అసలు మైదానానికి చేరేసరికి జనం తాళ్ళ మీద ఒరిగి ఉన్నారు. ముందే వచ్చిన అత్త నాకు పక్కన చోటు పట్టి ఉంచింది. మన దగ్గరైతే ఫ్లెక్సీ నిండా నాయకుల మొహాలుంటాయి. ఇక్కడ ఫ్లెక్సీ మీద నడిమధ్యన మేకపోతుల ఫోటో. ఆ మేకపోతులు మూడూ బంతిపూల దండలతో వేదిక పక్కన కట్టేసి ఉన్నాయి. ఒకటి పక్కదాని దండ నములుతోంది. మైకులో హిందీ, మధ్యమధ్యలో మాందర్ డోలు. తాడు పక్కన ఆకుల దొన్నెల్లో హడియా, అంటే అన్నం పులియబెట్టి చేసే కల్లు, అమ్ముతున్న ఆడవాళ్ళు ఆటగాళ్ళకన్నా గట్టిగా సలహాలిస్తున్నారు.

బావ మొహం చూడగానే ఏదో జరిగిందని అర్థమైంది.

"పింటూగాడికి బీ షిఫ్టు పడింది. మార్సుకుందామని సూసినాడు, సూపరైజరు ఒప్పలేదు. ఎల్లకపోతే గేట్ పాసు తీసేత్తారు. నానే ఎల్లమన్నాను."

ఉన్న ఒక్క మంచి ఆటగాడూ లేడు. నేను తల పట్టుకున్నాను. బావ మాత్రం, "నాను సెప్పినాను గదా!" అని నవ్వుతున్నాడు. తను చెప్పిందే జరిగిందని సంబరపడే మనిషిని ఏం చెయ్యాలి? పింటూ చోట్లో గోల్‌కీపర్ కామేశ్వర్రావు దిగాడు. డ్యూటీకి పోయే ముందు పింటూ వచ్చి అతనికి ఛార్జి అప్పజెప్పే వెళ్ళాడట.

మొదటి సగం సౌమెన్‌దే. ఒప్పుకోకపోతే కళ్ళు పోతాయి. బంతి అతని కాలికి తగలగానే మైదానమంతా ఒక్కసారి నెమ్మదించినట్టుండేది. తల కూడా ఎత్తకుండా, ముగ్గురి మధ్యలోంచి ఇచ్చిన పాస్‌కి వాళ్ళవాడు కేవలం కాలు అడ్డం పెడితే గోలైంది. నేను లేచి చప్పట్లు కొట్టేశాను. పక్కనున్న అత్త నా చెయ్యి పట్టి లాగి కూర్చోబెట్టింది.

"ఓలమ్మో, నువ్వెవరి దానివే?"

రెండో సగంలో బావ ఏం చేశాడంటే, సౌమెన్ కాపలాకి కూడా షిఫ్టులు వేశాడు. ఒకడు అతన్ని అంటిపెట్టుకుని కాసేపుంటాడు, తర్వాత ఇంకొకడు. మారేటప్పుడు దగ్గరికొచ్చి, భుజం మీద చెయ్యేసి, ఛార్జి. "కుడేపు సూత్తాడు గానీ ఎడమేపు పోతాడు" అని ఒకడు అరవడం తాడు దగ్గరికి వినిపించింది. అలిసిపోయిన కాపలావాడు ఒక్కడూ లేడు. ఎంత తెలివైనవాడైనా ఒకణ్ణి అర్థం చేసుకునేలోపు ఎదురుగా ఇంకొకడుంటే ఏం చేస్తాడు? సౌమెన్‌కి బంతి చేరడం మానేసింది. అప్పుడు చూడాలి, మిగతా పదిమందిని! బంతి దొరికినా ఏం చెయ్యాలో తెలియక అతని వైపే చూస్తూ నిలబడ్డారు. అలా ఒకడు చూస్తుండగా మావాడొకడు లాగేసి తన్నిన బంతి కామేశ్వర్రావు కాళ్ళ మధ్యకి వచ్చింది. ముంగాలికి తగిలి, స్తంభానికి కొట్టుకుని లోపలికి పోయింది. ఏమాత్రం అందం లేని గోల్. అత్త లేచి నిలబడి కొంగు తిప్పింది.

ఒకటికి ఒకటి. ఇంక కాసేపట్లో అయిపోతుందనగా, గోల్‌కి చాలా దూరంలో మావాడొకడు సౌమెన్‌ని పడేశాడు. ఫ్రీకిక్. సౌమెన్ మోకాలి పట్టీ సర్దుకున్నాడు. నాలుగడుగులు వెనక్కి వేశాడు. బంతి మావాళ్ళు వరసగా నిలబడి కట్టిన గోడ మీంచి లేచి, చివర్లో కిందికి వంగి, మూలలో పడింది.

రెండుకి ఒకటి. మావాళ్ళు ఓడిపోయారు. నేను చప్పట్లు కొట్టలేదు, ఏడ్చాను. నలభై దాటిన మనిషిని, ఇంకొకరి ఊళ్ళో, మేకపోతుల పక్కన నిలబడి వెక్కి వెక్కి ఏడ్చాను.

సౌమెన్ సంచి సర్దుకుంటూ నన్ను చూసి దగ్గరికొచ్చాడు. "దీదీ, మీ బావ ఎవరు? ఎవర్ని చూసినా ఒకేలా ఉన్నారు. ఎవరి దగ్గర తప్పించుకున్నానో, ఎవరికి దొరికానో నాకే తెలియలేదు" అన్నాడు. గెలిచిన మేకపోతుల్ని యజమాని వ్యాను ఎక్కించారు. కూర తినడానికి కూడా అతను ఆగలేదు. మర్నాడు ఇంకో ఊళ్ళో ఇంకో చొక్కా తొడుక్కోవాలి.

ఒక్కడు కావాలి అనేవాళ్ళకి ఈ మ్యాచ్ మంచి సాక్ష్యం. మా లెక్కల మాస్టారు విన్న వెంటనే, "చూశావా మరి!" అన్నారు. చూశాను సార్. దాచలేదు, స్కోరు సహా రాశాను. అయినా ఒప్పుకోను. మా పింటూ లేకపోయినా మావాళ్ళు ఆడారు. సౌమెన్ కదలలేనప్పుడు వాళ్ళవాళ్ళు ఆగిపోయారు. ఇది కూడా అదే మ్యాచ్‌లో నా కళ్ళతో చూశాను.

మళ్ళీ బర్మామైన్స్

ఓడినవాళ్ళకిచ్చిన మేకపోతుని బావ భుజాలకెత్తుకున్నాడు. వంతెన దాటి బస్తీ దాకా డోలు కొట్టుకుంటూనే వచ్చాం. మేమే గెలిచామనుకుని జనం మాకు దారిచ్చారు. మాలో ఎవరూ కాదనలేదు.

సందు మొదట్లో సత్యంనాయుడు గారు, కమిటీవాళ్ళు కుర్చీలు వేసుకుని ఉన్నారు. ఇంకా చీకటి పడలేదు. డోలు ఆగిపోయింది. అత్త నా చెయ్యి పట్టుకుంది.

"సూసినారు గదా?" అన్నారు నాయుడు గారు. గొంతులో ఎగతాళి లేదు, జాలే ఉంది. అదే ఎక్కువ మండించింది. "ఒక్కడు. ఆ ఒక్కడే మీకూ ఆళ్ళకీ తేడా. వచ్చే ఏడు అలాటోళ్ళని ముగ్గుర్ని తెత్తాను. ఎవరాడాలో, ఎవరు కూకోవాలో నాను సెప్తాను."

కామేశ్వర్రావు ముందుకొచ్చాడు. "ఆ ముగ్గుర్తోనే ఆడించుకోండి బాబూ. నాను రాను."

"నానూ రాను" అన్నాడు పక్కవాడు. ఆ తర్వాత ఇంకొకడు. ఒక్కడూ గొంతు పెంచలేదు. హాజరు పిలిస్తే చెప్పినట్టు వరసగా చెప్పుకుంటూ పోయారు. కమిటీ పెద్దాయన కుర్చీలోంచి లేచి, "ఎర్రయ్యా, ఆళ్ళకి నువ్వైనా సెప్పు" అన్నాడు. బతిమాలుతున్నట్టే ఉంది.

బావ మేకపోతుని మెల్లగా కిందికి దించి, తాడు అత్త చేతికిచ్చాడు. చెమట తుడుచుకున్నాడు. నాయుడు గారి దగ్గరికెళ్ళి రెండు చేతులూ జోడించాడు. ఒప్పేసుకుంటున్నాడేమో అనుకున్నాను.

"తెండి బాబూ" అన్నాడు. "మీకు నచ్చినోణ్ణే తెండి. దేశం మొత్తమ్మీద అలాటోడు ఇంకోడు లేడన్నా మాకు సంబరమే. వచ్చినోణ్ణి బెంచీ మీద కూకోమనండి. మావోళ్ళలో ఎవుడికైనా డ్యూటీ పడితే, ఆడి సోట్లో ఈణ్ణి దింపుతాం."